మెలితోన్ చొక్కా రంగు

ఇంకా ఆరలేదు. వీధి గుమ్మం ముందు బోర్లించిన బకెట్ మీద కూర్చుని, గోడ మీద తాను పూసిన అరచేతంత నీలాన్నే చూస్తూ ఉంది అంపారో. చూస్తే ఆరుతుందా? చూడకపోతే మాత్రం ఆరుతుందా? సున్నంతో వచ్చిన చిక్కంతా ఇదే. తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకో రంగు, బకెట్లో వంకాయలా నిగనిగలాడింది కాస్తా గోడెక్కి ఎండేసరికి మజ్జిగలో తేలిపోయినట్టు తెల్లబోతుంది. విసనకర్రతో విసరకూడదు, ఎండకి వదలకూడదు, తొందరపెడితే సున్నం అబద్ధం చెబుతుందని అత్తగారు ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. ఒక గంట పడుతుంది, పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడికేంత సేపు. చిక్కుళ్ళు కుండలో కుతకుతమంటున్నాయి, వాసన వీధిలోకి వస్తోంది, ఉప్పు వేశానా లేదా? వేశాను. రంగులో కూడా వేశాను. దేంట్లో ఎంత వేశానో దేవుడికే తెలియాలి. ఇందాకే, తల్లికి కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తున్న మొగుడు సబీనో ఫోన్ చేశాడు. "బయల్దేరాం అంపారో, గంటలో ఇంట్లో ఉంటాం" అన్నాడో లేదో, వెనకనించి అత్తగారి గొంతు ట్రక్కు మోతని మించి వినపడింది: "ఒరేయ్, ఆ మేక ముక్కు మీద మచ్చ చూశావుట్రా? మేకలకి మచ్చలుంటాయన్న సంగతే మర్చిపోయాను!" సబీనో నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు. అంపారోకి మాత్రం నవ్వు రాలేదు. మేక ముక్కు మీద మచ్చ కనిపించే కంటికి ఈ గోడ కనిపించదా?

ఈ గోడ కనిపించకుండా ఎలా ఉంటుంది. వీధి మలుపు తిరక్కముందే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీలం కాదిది, నీలం మీద కోపమొచ్చి చేసిన నీలం. ఎదురింటి చోనా అయితే మొహమాటం లేకుండా అనేసింది, "ఏమే అంపారో, మీ గోడ ముందు నిలబడితే పళ్ళు జివ్వుమంటున్నాయే, పుల్లమామిడి కొరికినట్టు." ఆ మాట అని ఏడేళ్ళయింది. అప్పటికింకా ఇంత లేదు. అత్తగారి కంట్లో పొర కమ్ముకోవడం అప్పుడే మొదలైంది, ఎవరికీ తెలియలేదు, ఆవిడకీ తెలియలేదు. పొర చల్లగా వస్తుందిట, ఒక్కో ఏడాదీ లోకాన్ని కాస్త పసుపు చేసి, కాస్త మసక చేసి, నీలాన్ని మాత్రం కాజేసి పోతుందిట. నిన్న పెద్దాసుపత్రిలో కుడి కంటి పొర తీశాక డాక్టరమ్మ చెబితే సబీనో ఫోన్‌లో చెప్పాడు. అంటే ఈవిడ కంటికి నీలం చాలక, చాలక, ఏడాదికో గుప్పెడు ఎక్కువ వేసుకుంటూ వచ్చిందన్న మాట. పాపం, ఆవిడకి మాత్రం ప్రతి ఏడూ అదే రంగు. మెలితోన్ చొక్కా రంగు.

మామగారి చొక్కా. అంపారో చూసింది దాన్ని, పెళ్ళయి వచ్చిన కొత్తలో. మూడేళ్ళు ఉతికిన పని చొక్కా, మోచేతుల దగ్గర తెల్లబడి, వీపు దగ్గర మాత్రం నీలం కాస్త మిగిలి ఉండేది. ఆ వీపు రంగు. దాన్ని తాడు మీద ఆరేసి, పక్కన బకెట్ పెట్టుకుని, అత్తగారు దోన్యా తోమాసా రంగు కలిపేది. సున్నం ఏడాది నానాలి, నాగజెముడు ముక్కలు రాత్రంతా నీళ్ళలో ఊరి జిగురు దిగాలి, నీలిమందు గుడ్డలో మూటగట్టి గోరువెచ్చని నీళ్ళలో పిండాలి, గుప్పెడు ఉప్పు, జామకర్రతో ఒకే వైపుకి కలపాలి, అటూ ఇటూ తిప్పితే చెంప ఛెళ్ళుమనేది. కొలత అంటూ లేదు, గరిటె లేదు, గ్లాసు లేదు. కన్నే కొలత. వీధిలో వాళ్ళంతా పండగ ముందు తమ బకెట్లు మోసుకుని ఈవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు, "తోమాసక్కా, మా గోడకి ఆ గులాబీ తెప్పించవూ", "పిన్నీ, పోయినేడు పసుపే కావాలి, మా ఆయన అది తప్ప ఒప్పుకోడు." ఈవిడ మూతి మూడు వంకర్లు తిప్పి, "మీ ఆయన మొహానికి పసుపొకటే తక్కువ" అని తిట్టి, కలిపి పంపేది. గుమ్మంలో బకెట్లు వరసకట్టి ఉండేవి, పెళ్ళి పందిట్లో విస్తళ్ళలా. మామగారు పోయినప్పుడు ఆ చొక్కాతోనే సాగనంపారు. అదే వేయమని ఆవిడే పట్టుబట్టింది. "రంగు నా కంట్లో ఉందిలే, చొక్కా ఆయన్ని తీసుకుపోనీయండి" అంది. ఆ కన్నే ఇలా చేస్తుందని ఎవరనుకున్నారు.

తర్వాత్తర్వాత బకెట్లు తగ్గాయి. మూడిళ్ళవాళ్ళు మానేశారు, తర్వాత ఆరిళ్ళు, పోయినేడు ఒక్క చోనా మాత్రం వచ్చింది, అదీ తెల్ల సున్నానికి, చెడిపోయేదేమీ లేదని. "జనం బద్ధకస్తులైపోయారే, డబ్బాల్లో కొనుక్కుంటున్నారు" అని అత్తగారు గొణిగేది. "అవునత్తయ్యా, డబ్బాల్లోనే కొనుక్కుంటున్నారు" అని అంపారో వంత పాడేది. ఒకళ్ళ పసుపు ఆవకాయలా వస్తే, ఇంకొకళ్ళ గులాబీ కాలిన పుండులా వస్తే, వాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా తెల్లసున్నం కొట్టి కప్పెట్టుకున్నారని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఆవిడకున్న పెద్దరికమల్లా అదొకటే కదా. చదువు లేదు, పొలం లేదు, పాడితే కాకులు లేస్తాయి. రంగు ఉంది. ఇవాళ ఆ కన్ను తెరుచుకుని ముందీ గోడ చూస్తుంది, చూసి, గుమ్మం ముందు బకెట్లు ఎందుకు లేవో ఒక్క క్షణంలో తెలుసుకుంటుంది. ఆవిడ ఏడిస్తే తట్టుకోలేదు తను. మామగారు పోయినప్పుడు కూడా ఆవిడ ఏడవలేదు, గోడకేసి తిరిగి నిలబడిందంతే.

ఆరిందా? అంచుల్లో కాస్త పాలిపోయింది. మధ్యలో ఇంకా ముదురే. ఇది మూడోది. నిన్నటి మొదటి బకెట్ ఆరాక బూడిదైంది, రెండోది ఆరాక ఆసుపత్రి గోడైంది. డ్రమ్ములో నానిన సున్నం అడుగంటింది, ఇక ఈ ఒక్క బకెట్టే, అదీ సగం గోడకి వస్తే గొప్ప. చోనాని అడిగితే సున్నం ఇస్తుంది, కానీ వాళ్ళ సున్నం తెలుపు వేరు, మన తెలుపు వేరు, అతుకు తెలిసిపోతుంది. అతుకు సంగతి అంపారోకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు. పెళ్ళయి వచ్చిన ఏడు, ఇరవై ఏళ్ళ పిల్ల, కొత్త కోడలు, అత్తగారు మొక్కు తీర్చుకోవడానికి కొండమీది గుడికి వెళ్తూ "మిగతా సగం గోడ నువ్వు కానిచ్చెయ్యవే" అని వెళ్ళింది. బకెట్లో రంగు చాల్లేదు. తను ఏం చేసింది? మొనగత్తెలా ఇంకో బకెట్ కలిపేసింది. తడిగా ఉన్నప్పుడు చూస్తే అచ్చం అదే రంగు, తన కన్ను చూసి తనే మురిసిపోయింది, ఎంత పొగరు! సాయంత్రానికి ఆరేసరికి ఇల్లు సగం ఒక రంగు, సగం ఇంకో రంగు, మధ్యలో నిలువునా గీత. పండగ ఊరేగింపు వీధిలోకి వచ్చేసింది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. తను ఈ తలుపు వెనకే నక్కి, ఏడ్చి ఏడ్చి, పుట్టింటికి ఏ బస్సు ఉందా అని ఆలోచిస్తోంది. అప్పుడు అత్తగారు వచ్చింది. గోడ చూసింది, ఒక్క నిమిషం. జనం వైపు తిరిగి, చెయ్యి నడుం మీద వేసుకుని, "ఏం చూస్తున్నారర్రా, ఎప్పుడూ చూళ్ళేదా? పొద్దుటికి ఒక సగం, సాయంత్రానికి ఒక సగం. నేనే చెప్పి వేయించా" అంది. ఏడాదంతా ఆ గోడతోనే ఉంది. ఎవరేమడిగినా అదే మాట. తనని ఒక్క మాట అనలేదు. లోపలికి వచ్చాక మాత్రం, "ఆరాక చూడకుండా రంగుని నమ్మావో, వీపు విమానం మోత మోగుతుంది" అంది, అని, పళ్ళెంలో రొట్టె పెట్టింది.

ఆవిడ తన తప్పు కప్పిన తీరు అది, ఊరందరి ముందూ రొమ్ము విరుచుకుని. తను ఆవిడ తప్పు కప్పిన తీరు? దొంగలా. రంగు రాత్రంతా నిద్రపోవాలని ఆవిడ బకెట్ మీద తడి గోనె కప్పి వెళ్ళేది, తను తెల్లారగట్లే లేచి, గోనె ఎత్తి, రెండు దోసిళ్ళ సున్నం కలిపేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు కప్పేసేది. ఆరేళ్ళు. కాస్తన్నా తగ్గుతుందని, కాస్తన్నా చొక్కాకి దగ్గరగా వస్తుందని. ఆరాక ఆవిడ గోడ దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపేది, "ఈ ఏడు సున్నం నీలాన్ని మింగేసిందే అంపారో, వచ్చే ఏడు ఇంకాస్త వెయ్యాలి." వేసేది. తనింకో దోసిలి సున్నం కలిపేది. ఆవిడ ఇంకో గుప్పెడు. పొద్దున తలుపు చట్రం పక్కన పెచ్చు ఊడిన చోట గోటితో గీకి చూస్తే ఉల్లిపొరల్లా ఏడేళ్ళూ బయటపడ్డాయి, అడుగున చొక్కా రంగు, దాని మీద కాస్త ముదురు, దాని మీద ఇంకాస్త, దాని మీద ఇంకా. అప్పుడు వెలిగింది బుర్రలో. ఈ నీలంలో సగం పాపం కంటి పొరది, సగం పాపం తన దోసిళ్ళది! ఒకే బకెట్‌ని అత్తా కోడలూ చెరో వైపు లాగారు, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు, గోడేమో మధ్యలో పిచ్చెత్తి పోయింది. నోరు తెరిచి "అత్తయ్యా, ఎక్కువైంది" అని మొదటి ఏడే అనుంటే? అనుంటే ఆవిడ ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళేదేమో. ఆ మాట తట్టినప్పటినించీ అంపారోకి చేతులాడ్డం లేదు. ప్రేమ అనుకుంటూ చేసింది, ప్రేమే, కాదని ఎవరనగలరు, కానీ ఆవిడ కన్ను ఏడేళ్ళు మూతబడే ఉంది.

ట్రక్కు చప్పుడా? కాదు, గ్యాస్ బండి. ఒళ్ళో పళ్ళెంలో పెచ్చు భద్రంగా ఉంది. వంటింటి గోడది. ఒకప్పుడు మిగిలిన రంగు ఎప్పుడూ వంటింటికే వేసేవాళ్ళు, గిన్నెల బీరువా వెనక మాత్రం ఎవరు వేస్తారు, మామగారు ఉన్ననాటి పూత అది, అలాగే ఉండిపోయింది. నిన్న చోనా, తనూ కలిసి బీరువా జరిపితే వెనక బూజు, ఒక చెంచా, సబీనో చిన్నప్పటి బొంగరం, వాటి వెనక అరగజం మేర ఆ నీలం. చోనా చూసి "ఓలమ్మో, దోన్ మెలితోన్ వీపు తిప్పి నుంచున్నట్టే ఉందే" అంది. చాకుతో ఇంత పెచ్చు లేపి తెచ్చుకుంది. దాన్ని ఇప్పుడు గోడ మీది పూతకి ఆనించి చూస్తే, అంచుల్లో, అదిగో ఆ కుడి అంచులో, ఇదేనా? మేఘం అడ్డొచ్చింది. పో, పక్కకి పో. చిక్కుళ్ళు అడుగంటుతున్నట్టున్నాయి, లేచి మంట తగ్గించి, గరిటెడు నీళ్ళు పోసి, చేతులు పరికిణీకి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. వచ్చేసరికి మేఘం పోయింది.

ఆరింది.

పెచ్చు ఆనించింది. పెచ్చు ఎక్కడ అయిపోయిందో, పూత ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఇంకోసారి ఆనించింది. తల కిందకి వంచి, పక్కనించి, వెనక్కి నడిచి వీధి మధ్యకి వెళ్ళి చూసింది. అదే. మోచేతుల దగ్గరిది కాదు, వీపుది. తన కన్నే! తన చేత్తో, కొలత లేకుండా, ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత మొదటిసారి! "చోనా!" అని అరవబోయి ఆగిపోయింది. సంబరం నోటిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. ఇది సరిగ్గా వచ్చింది గనక పక్కనున్నది ఎంత తప్పో ఇప్పుడే మరీ తెలుస్తోంది. బట్టతల మీద బొట్టు పెట్టినట్టుంది గోడ. పూయడానికి టైము లేదు. చెరిపేయడానికి లేదు. ఏం చెప్పాలి? చెప్పేస్తుంది, తనే చెడగొట్టానని. మీరు సరిగానే కలిపారు అత్తయ్యా, నేనే తెల్లారగట్ల లేచి నీలం పోశాను, బుద్ధి గడ్డి తిని. తప్పు తన మీదేసుకుంటే సరి. ఇందులో సగం నిజమే కదా. సగం నిజమున్న అబద్ధం నిలబడుతుంది, గోడకి జిగురు పట్టినట్టు పట్టుకుంటుంది, పట్టుకోవాలి. ట్రక్కు మలుపు తిరిగింది.

దోన్యా తోమాసా నల్ల కళ్ళద్దాలతో దిగింది. "మెల్లిగా అమ్మా, మెల్లిగా" అంటున్న సబీనో చేతిని విదిలించి కొట్టింది. "నీ చొక్కా కాలరు ఎంత మురికిగా ఉందిరా, ఇన్నాళ్ళూ ఇలాగే తిరుగుతున్నావా!" అని తిరిగి, గోడ చూసింది.

చోనా కిటికీలోంచి సగం మొహం కనిపిస్తోంది. ముసలావిడ నల్లద్దాలు తీసేసింది. "డాక్టరమ్మ తీయొద్దంది" అన్నాడు సబీనో. ఆవిడ చెవిన వేసుకోలేదు. చేత్తో కొత్త కన్ను మూసింది, పొర తీయని ఎడమ కంటితో చూసింది. తల ఊపింది, బాగానే ఉందన్నట్టు. చెయ్యి మార్చి ఎడమ కన్ను మూసింది, కొత్త కంటితో చూసింది. చెయ్యి దించలేదు చాలాసేపు. మళ్ళీ ఈ కన్ను. మళ్ళీ ఆ కన్ను. దాగుడుమూతలాడే పిల్లలా వీధి మధ్యలో నిలబడి చెయ్యి మారుస్తూనే ఉంది.

"అత్తయ్యా, నేనే" అంది అంపారో. "మీరు సరిగ్గానే కలిపేవారు. నేనే పొద్దున్నే లేచి అందులో..."

"నీలం పోశావు."

"పోశాను."

ముసలావిడ దగ్గరికొచ్చి, కొత్త కన్ను కోడలి మొహానికి జానెడు దూరంలో పెట్టింది. "అబద్ధమాడితే నీ ఎడం కనుబొమ్మ ఎగురుతుందే. కొత్త కోడలివప్పుడు చూసేదాన్ని. ఎన్నాళ్ళయింది దాన్ని చూసి! నిజం చెప్పు, ఏం పోశావు?"

"సున్నం" అంది అంపారో. ఏడుపొచ్చేసింది. "ఎక్కువైందని చెప్పలేక. చెప్పుంటే మీ కన్ను..."

"చెప్పుంటే నీ నెత్తిన బకెట్ బోర్లించేదాన్ని, ఆసుపత్రికి వెళ్ళేదాన్నా? నీకింకా అత్తగారు తెలియలేదు" అంది. గోడకేసి తిరిగింది, అటు తిరిగే ఉంది. ఆవిడ వెళ్ళి చిన్న నీలం పూత మీద అరచెయ్యి ఆనించింది, చొక్కా వీపు మీద చెయ్యి వేసినట్టే. "ఇది నువ్వు కలిపావా?"

"ఊఁ."

"ఆరాక చూశావా?"

"చూశాను."

"బకెట్ ఎంతుంది?"

"సగం గోడకి వస్తుంది అత్తయ్యా. మిగతా సున్నం తగలేశాను."

దోన్యా తోమాసా నడుం మీద చెయ్యి వేసుకుంది. ఎదురింటి కిటికీ వైపు గొంతెత్తింది. "చోనా! దాక్కోకే, మొహం కనిపిస్తోంది, మొటిమతో సహా! విను. ఈ ఏడు మా గోడ సగం ఇలా, సగం అలా. ఈ కంటికి ఒక సగం, ఆ కంటికి ఒక సగం. నేనే చెప్పి వేయిస్తున్నా. ఎవరడిగినా అలా చెప్పు. రేపట్నించి బకెట్లు తెమ్మను అందర్నీ, కలిపేది మా కోడలు." కిటికీలోంచి చోనా ముక్కు చీదిన చప్పుడు వినపడింది. సబీనో ఏం అర్థం కాక ట్రక్కు తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

అప్పుడు ఆవిడ కన్ను కోడలి నెత్తి మీద ఆగింది. ఆగిపోయింది. "నీ జుట్టు... ఇంత తెల్లగా ఎప్పుడైంది?"

"సున్నం అత్తయ్యా. నిన్నటినించీ కలుపుతున్నాగా, పడింది."

కనుబొమ్మ ఎగిరింది. ఎగిరిందని అంపారోకే తెలిసిపోయింది. ముసలావిడ శాలువా కొంగు నాలుకతో తడి చేసుకుని, కోడలి పాపిట దగ్గర తుడిచింది, చంటిపిల్లని తుడిచినట్టు, ఒకసారి, రెండుసార్లు, చెవి పక్కన, మళ్ళీ పాపిట్లో. ఎంత తుడిచినా అది పోలేదు. కొంగు నల్లపడలేదు, తెల్లపడలేదు. ఆవిడ చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

"అవునే" అంది చివరికి, కొంగు దులుపుతూ. "సున్నమే."